హాస్టల్ వేన్నీళ్లు: మధ్యాహ్నపు సోలార్‌ను తెల్లవారుజాము దాకా దాచుకోవడం

మీరు అడిగింది ఇది: అనంతపురంలో వంద మంది ఉండే హాస్టల్. మిద్దె నిండా 20 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు. బాత్రూముల్లో 3 కిలోవాట్ల గీజర్లు 12. పొద్దున 5 నుంచి 8 దాకా గీజర్లన్నీ నడుస్తాయి, అప్పుడు ఎండ ఉండదు. మధ్యాహ్నం పిల్లలు కాలేజీలో ఉంటారు, సోలార్ కరెంటంతా లైన్లోకి పోతుంది. ఒక్కోరోజు 12 గంటలప్పుడు ఇన్వర్టరే ట్రిప్ అవుతోంది. బ్యాటరీలు పెట్టమని ఒకరు, గీజర్లకు స్మార్ట్ ప్లగ్గులు పెట్టమని ఇంకొకరు సలహా ఇచ్చారు, ఏది మేలు అని.

రెండూ వద్దు. మీరు దాచాల్సింది కరెంటును కాదు, వేడిని. మధ్యాహ్నం నీళ్లు కాచి పెద్ద ట్యాంకులో పెట్టుకుంటే తెల్లారి వాడుకోవచ్చు. ఆ ట్యాంకే మీ బ్యాటరీ.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే సామాను కొన్నాక లెక్క వేసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఒక్కటే: వెయ్యి లీటర్ల నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 1.163 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) వేడి కావాలి. బకెట్ స్నానానికి మనిషికి 40 డిగ్రీల నీళ్లు 20 లీటర్లు అనుకుందాం. వంద మందికి 2,000 లీటర్లు. డిసెంబర్ పొద్దున మీ ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు 22 డిగ్రీలున్నాయనుకుంటే పెంచాల్సింది 18 డిగ్రీలు, అంటే సుమారు 42 యూనిట్ల వేడి. దాచిన నీళ్లు 58 డిగ్రీల దగ్గరుంటే సగం వేన్నీళ్లు, సగం చన్నీళ్లు కలిపితే 40 వస్తుంది. అంటే స్నానాలకు కావలసిన 58 డిగ్రీల నీళ్లు 1,000 లీటర్లే. మెస్సులో గిన్నెలకు, వంటకు ఇంకో 200 కలపండి. ట్యాంకులో అడుగున ఉన్న నీళ్లు చివరికి చల్లబడిపోతాయి కాబట్టి మొత్తం నీళ్లలో 85 శాతమే పనికొస్తుందని లెక్కేసుకోవాలి. కాబట్టి 1,500 లీటర్ల ట్యాంకు తీసుకోండి, అంతకు తగ్గొద్దు.

స్మార్ట్ ప్లగ్గుల సలహా ఎందుకు పనికిరాదో ఇక్కడే తేలిపోతుంది. 25 లీటర్ల గీజర్లు 12 ఉన్నా అన్నీ కలిపి 300 లీటర్లే. మీకు కావలసిన దాంట్లో నాలుగో వంతు. పైగా చిన్న ట్యాంకుకు లీటరుకు పడే ఉపరితలం ఎక్కువ, అందుకే రాత్రి గడిచేసరికి త్వరగా చల్లారుతుంది. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు గంటల తరబడి పారాలి. చవక ప్లగ్గులోని రిలే, అంటే లోపలి స్విచ్, కొన్ని నెలల్లో అతుక్కుపోతుంది, లేదా సాకెట్ కరుగుతుంది.

ఇప్పుడు కాచే యంత్రం. 1,500 లీటర్లను 22 నుంచి 58కి తేవాలంటే 63 యూనిట్ల వేడి. కాయిల్‌తో కాస్తే 63 యూనిట్ల కరెంటే అవుతుంది. హీట్ పంప్ అయితే గాల్లోని వేడిని లాగి నీళ్లకు ఇస్తుంది. మన ఊళ్లో పగటి గాలి చలికాలంలో కూడా 28, 30 డిగ్రీలుంటుంది కాబట్టి సీఓపీ, అంటే ఒక యూనిట్ కరెంటుకు వచ్చే వేడి, 3.2 సులువుగా వస్తుంది. అప్పుడు 20 యూనిట్లు చాలు. 10 కిలోవాట్ల వేడినిచ్చే యంత్రం 3 కిలోవాట్ల కరెంటు తీసుకుని ఆరుంపావు గంటల్లో ట్యాంకు నింపుతుంది. పొద్దున 9:30కి మొదలుపెడితే సాయంత్రం 4కి అయిపోతుంది. మీ 20 కిలోవాట్ల ప్యానెళ్లు మంచి ఎండలో రోజుకు 80 యూనిట్ల దాకా ఇస్తాయి. మబ్బు పట్టి అందులో నాలుగో వంతే వచ్చినా హీట్ పంప్‌కు సరిపోతుంది. అక్టోబర్, నవంబర్ వానల్లో ఈ తేడానే మిమ్మల్ని కాపాడుతుంది.

బ్యాటరీలతో పోల్చి చూడండి. 12 వోల్టుల 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో నికరంగా వాడుకోగలిగేది ఒక యూనిట్ చుట్టూ ఉంటుంది. హీట్ పంప్ తినే 20 యూనిట్లు దాచాలంటే అలాంటివి 20 కావాలి. అవి కొన్నేళ్లకోసారి మార్చాలి. మిద్దె మీద ఇంకా జాగా ఉంటే మాత్రం నేను మొదట మామూలు సోలార్ వాటర్ హీటర్ ట్యూబులే చెప్పేవాణ్ణి. అనంతపురం ఎండకు అంతకంటే చవక దారి లేదు. మీ మిద్దె ప్యానెళ్లతో నిండిపోయింది కాబట్టే ఈ దారి.

ట్యాంకు నిలువుగా, సన్నగా, పొడవుగా ఉండాలి. వేడినీళ్లు తేలిక, పైన ఉంటాయి. చన్నీళ్లు కింద ఉంటాయి. ఈ పొరలు కలవకుండా కాపాడుకోవడమే ట్యాంకు పనితనం. చన్నీళ్లు అడుగున, చిల్లుల గొట్టం గుండా మెల్లగా రావాలి. వంపు లేకుండా నేరుగా వచ్చిన పైపు ఫౌంటెన్‌లా ఎగజిమ్మి ట్యాంకంతా కలిపేస్తుంది. పది మంది స్నానం చేసేసరికి మొత్తం నీళ్లు గోరువెచ్చగా మారిపోయాయంటే కారణం ఇదే. వాడకానికి పైనుంచి తీయాలి. హీట్ పంప్ కిందినుంచి లాగి, పై మూడో వంతులోకి వదలాలి. నీళ్లు తిప్పుతూ కాచే రకమైతే ఒక్కో చుట్టుకు 5 డిగ్రీలు పెరిగేలా నిమిషానికి 29 లీటర్ల ప్రవాహం ఉండాలి. పంపు చిన్నదైతే యంత్రంలో ప్రెషర్ పెరిగి ట్రిప్ అవుతుంది, మెకానిక్ వచ్చి గ్యాస్ మార్చాలంటాడు. గ్యాస్ ముట్టుకోకముందు ప్రవాహం కొలవమనండి.

ట్యాంకు చుట్టూ వేడి పోకుండా ఆపే 50 మిల్లీమీటర్ల పఫ్ (నురుగు పొర) ఉండాలి. అప్పుడు రోజుకు పోయే వేడి మూడు యూనిట్ల లోపే. సాయంత్రం 4కి 58 ఉన్నది తెల్లారి 5కి 57 దగ్గర ఉంటుంది. అంతకంటే ఎక్కువ దిగిందంటే తప్పు ట్యాంకులో కాదు, పైపుల్లో వెతకండి. రాత్రంతా వేడినీళ్లు గొట్టాల్లో పైకి కిందికి వాటంతట అవే తిరుగుతూ ఉంటాయి. హీట్ పంప్ లైన్లో నీళ్లు వెనక్కి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ లేకపోతే జరిగేది ఇదే.

ఇంకో ముఖ్యమైన సంగతి. 22 నుంచి 58కి వేడెక్కితే 1,500 లీటర్ల నీళ్లు సుమారు 20 లీటర్లు ఉబ్బుతాయి. అవి ఎక్కడికో పోవాలి. చన్నీళ్ల లైన్లో నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టి, వెంట్ పైపు మరిచిపోతే ట్యాంకు అతుకులు కారడం మొదలవుతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు నీటి మట్టం కంటే ఎత్తుగా, వాల్వ్ ఏమీ లేకుండా వెంట్ పైపు పెట్టండి. ప్రెషర్ పంపు ఉంటే సేఫ్టీ వాల్వ్, ఉబ్బిన నీళ్లు పట్టే ఎక్స్‌పాన్షన్ వెసెల్ రెండూ కావాలి. పైపులు సీపీవీసీ, పైన నైట్రైల్ తొడుగు 13 మిల్లీమీటర్లు. మామూలు పీవీసీ ఈ వేడికి వంగిపోతుంది.

చివరి బాత్రూము 25 మీటర్ల దూరంలో ఉంటే 20 మిల్లీమీటర్ల పైపులో 8 లీటర్ల చల్లటి నీళ్లు నిలిచి ఉంటాయి. వేడి వచ్చేదాకా ప్రతివాడూ అర బకెట్ పారబోస్తాడు. ట్యాంకునుంచి బయల్దేరి మళ్లీ ట్యాంకుకే వచ్చే రింగు లైను వేసి, అందులో నీళ్లు తిప్పే చిన్న సర్క్యులేషన్ పంపును 4:45 నుంచి 8 దాకా మాత్రమే టైమర్‌తో నడపండి. రోజంతా నడిపితే ట్యాంకు వేడంతా గోడలకు పోతుంది, పొరలు కూడా కలిసిపోతాయి. లైను మొదట్లో, చన్నీళ్లు తనంతట తానే కలిపే థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వ్ పెట్టి 45 డిగ్రీలకు సెట్ చేయండి. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే ఒళ్లు కాల్చేస్తాయి. పిల్లలుండే చోట ఈ వాల్వ్ విషయంలో బేరం వద్దు.

రాయలసీమలో ఈ పనిని చంపేది కరెంటు కాదు, బోరు నీళ్లు. సున్నం. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో కాఠిన్యం (నీళ్లలోని సున్నం మోతాదు) లీటరుకు 200 మిల్లీగ్రాములు మేలు, ప్రత్యామ్నాయం లేకపోతే 600 దాకా ఫరవాలేదంటారు. అది తాగడానికి. కాచడానికి 300 దాటితే చాలు, తిప్పలే. నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు చూసి కాఠిన్యం చెప్పేవాళ్లను నమ్మొద్దు; చుక్కలు వేసి రంగు మారేది చూసే కిట్‌తో కొలవండి. మీ నీళ్లు 500 ఉన్నాయనుకుందాం. రోజుకు 1,500 లీటర్లలో 750 గ్రాముల సున్నపు సరుకు వస్తుంది. 60 డిగ్రీలు దాటేకొద్దీ అది హీట్ పంప్‌లో నీళ్లకు వేడి అందించే ఎక్స్‌ఛేంజర్ పలకలకు గట్టిగా పడుతుంది. అందుకే 58 దగ్గర ఆపమంటున్నాను. వారానికోసారి మాత్రం బ్యాక్టీరియా పోవడానికి మొత్తం ట్యాంకును 60కి తీసుకెళ్లండి.

హాస్టల్ నీళ్లన్నిటికీ సాఫ్ట్‌నర్ (సున్నం తీసే యంత్రం) అక్కర్లేదు, కాచే నీళ్లకు పెడితే చాలు. అందులోని రెజిన్ గుళికలు 25 లీటర్లుంటే సుమారు 1,250 గ్రాముల కాఠిన్యాన్ని పడతాయి, అంటే మీకు రోజున్నర. అంతలోపు 4 కిలోల ఉప్పుతో రెజిన్‌ను కడిగి మళ్లీ సిద్ధం (రీజెనరేషన్) చేయాలి. ఉప్పు వేయడం మరిచిపోతే సాఫ్ట్‌నర్ ఉండీ లేనట్టే, కాబట్టి టైమర్ హెడ్ ఉన్నది కొనండి, ఒకరిని బాధ్యుడిగా పెట్టండి. నీళ్లలో క్లోరైడ్ ఎక్కువుంటే 304 స్టీల్ ట్యాంకుకు సూది పొడిచినట్టు చిల్లులు పడతాయి. గ్లాస్ లైనింగ్ ట్యాంకు తీసుకుని, ట్యాంకుకు బదులు తాను తరిగిపోయే మెగ్నీషియం రాడ్ ఆర్నెల్లకోసారి తీసి చూడండి. సగం తరిగితే మార్చేయండి. ఏడాదికోసారి 5 శాతం సిట్రిక్ యాసిడ్ నీళ్లను గంటన్నర ఎక్స్‌ఛేంజర్‌లో తిప్పి కడిగేయాలి.

ఇక కంట్రోల్. చాలామంది ఇక్కడినుంచి మొదలుపెట్టి ఇక్కడే డబ్బు తగలేస్తారు. మొదటి మెట్టు 24 గంటల డిజిటల్ టైమర్, అది చెప్పినప్పుడు యంత్రానికి కరెంటు కలిపే ఒక కాంటాక్టర్ (పెద్ద స్విచ్). పొద్దున 9:30 నుంచి 4 దాకా ఆన్. లాభంలో ముప్పాతిక వంతు ఇంతటితోనే వస్తుంది. రెండు నెలలు ఇలాగే నడిపి, అప్పుడు రెండో మెట్టు ఆలోచించండి.

రెండో మెట్టు సోలార్ మిగులును చూసి నడపడం. దీనికి బయటి లైను లోపలికి వచ్చే చోట (మెయిన్ ఇన్‌కమర్) మీ సొంత ఎనర్జీ మీటరు కావాలి, మూడు ఫేజులకు మూడు సీటీలతో, అంటే వైరు చుట్టూ తొడిగి కరెంటు కొలిచే కడియాలతో. డిస్కమ్ (కరెంటు కంపెనీ) మీటరుకు సీలు ఉంటుంది, దాని జోలికి పోవద్దు. మీటరునుంచి కంట్రోలర్‌కు అంకెలు పంపే మాడ్‌బస్ వైరు: జంటగా మెలేసిన షీల్డు కేబుల్, చివర 120 ఓమ్ రెసిస్టర్. ఏ, బీ వైర్లు తారుమారైతే ఏమీ కాలదు, డేటా మాత్రం రాదు. సెట్ చేయాల్సిన అంకెలు ఇవి: 5 నిమిషాల పాటు 3.5 కిలోవాట్లకు పైగా బయటికి పోతుంటే ఆన్. 10 నిమిషాల పాటు 1.5 కిలోవాట్లకు పైగా లోపలికి వస్తుంటే ఆఫ్. ఒకసారి మొదలైతే కనీసం 20 నిమిషాలు నడవాలి, ఆగితే 10 నిమిషాలు ఆగాలి. ఈ గడువులు పెట్టకపోతే మబ్బు వచ్చి పోయినప్పుడల్లా కంప్రెసర్ ఆగుతూ మొదలవుతూ రెండేళ్లలో పోతుంది. మధ్యాహ్నం 2 గంటలకు ట్యాంకు మధ్య సెన్సార్ 45 కంటే తక్కువుంటే ఎండ ఉన్నా లేకున్నా నడవాలి. ఈ ఒక్క షరతు మరిచిపోతే మరునాడు పొద్దున వంద మంది మీ గది తలుపు కొడతారు.

సీటీ తిరగబెట్టడం అన్నిటికంటే మామూలు తప్పు. అప్పుడు కంట్రోలర్ వచ్చే కరెంటును పోయే కరెంటు అనుకుని రాత్రిపూట హీట్ పంప్ వేస్తుంది. పరీక్ష సులువు: రాత్రి 8 గంటలకు, సోలార్ లేనప్పుడు, డిస్‌ప్లేలో మూడు ఫేజులూ ఇంపోర్ట్ చూపాలి. తర్వాత ఒక ఇస్త్రీపెట్టెను ఒక్కో ఫేజు సాకెట్లో పెట్టి చూడండి. ఏ ఫేజులో పెడితే ఆ ఫేజు అంకె ఒక్కటే సుమారు ఒక కిలోవాట్ పెరగాలి. వేరే ఫేజు అంకె మారితే సీటీలు అటూ ఇటూ అయ్యాయి. అదే ఫేజు అంకె తగ్గితే సీటీ తిరగబడింది. సెన్సార్ రకం కూడా చూసుకోండి. కంట్రోలర్ 10 కిలో ఓమ్ ఎన్‌టీసీ రకం అడిగినప్పుడు పీటీ100 రకం పెడితే అంకె పిచ్చిగా వస్తుంది.

మీ ఇన్వర్టర్ ట్రిప్ సంగతి ఇక్కడే చెప్పాలి. గ్రిడ్ వోల్టేజి నామమాత్రపు విలువలో 110 శాతం దాటితే, అంటే ఫేజుకు 253 వోల్టులు దాటితే, ఇన్వర్టర్ 2 సెకన్లలో విడిపోవాలని సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) నిబంధన. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే 248 ఉండి, మీ దాకా లైను నిరోధం 0.3 ఓమ్ ఉంటే, ఫేజుకు 22 ఆంపియర్లు బయటికి తోసినప్పుడు ఆరేడు వోల్టులు లేచి 254 అవుతుంది. అంతే, ట్రిప్. వీధిలో ఇంకో నాలుగు మిద్దెల మీద సోలార్ ఉంటే ఇంకా ముందే అవుతుంది. హీట్ పంప్ 3 కిలోవాట్లు తీసుకుంటే ఒకటిన్నర వోల్టులోపే తగ్గుతుంది. అందుకే ట్యాంకులో 6 కిలోవాట్ల మూడు ఫేజుల కాయిల్ కూడా పెట్టించండి. వోల్టేజి 250 దాటినప్పుడు మాత్రమే అది కలవాలి. రెండూ కలిసి నాలుగు వోల్టులు దించి ఇన్వర్టర్‌ను నిలబెడతాయి. ట్రిప్ అయితే ఎలాగూ చేజారిపోయే కరెంటు కాబట్టి అప్పుడు కాయిల్ వాడినా నష్టం లేదు. డెన్మార్క్‌లో ఊరంతటికీ వేడినీళ్లు పంపే కేంద్రాలు గాలి కరెంటు మరీ ఎక్కువై ధర పడిపోయినప్పుడు ఎలక్ట్రిక్ బాయిలర్లు నడిపేది కూడా ఇదే లెక్కతో. వోల్టేజి తగ్గేలా ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చమని మీ కరెంటు ఆఫీసు ఏఈకి రాతపూర్వకంగా ఇవ్వడం మాత్రం మానొద్దు. ఇన్వర్టర్‌లో వోల్టేజి పరిమితిని పెంచేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

మూడో మెట్టు గ్రిడ్ మాట వినడం. మన జిల్లాల్లో దీని అవసరం కళ్లముందే ఉంది. గని–శకునాల సోలార్ పార్కు ఒక్కటే 1,000 మెగావాట్లు. మధ్యాహ్నం కరెంటు పొంగుతుంది, దీపాలు పెట్టే వేళకు కరువవుతుంది. పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కట్టింది ఆ తేడా కోసమే: పగలు నీళ్లు పైకి తోడి, చీకటి పడ్డాక కిందికి వదలడానికి. మీ ట్యాంకు చేసేదీ అదే పని, ఎత్తుకు బదులు వేడితో. 2023లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ (మనకు ఏపీఈఆర్‌సీ) నిర్ణయించే 8 సౌర గంటల్లో ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువుండాలి. పీక్ గంటల్లో వాణిజ్య, పారిశ్రామిక వాడకానికి మామూలు ధరకు కనీసం 1.2 రెట్లు, వ్యవసాయం తప్ప మిగతావాళ్లకు 1.1 రెట్లు. మీ బిల్లు మీద కేటగిరీ, ఏపీఈఆర్‌సీ టారిఫ్ ఆర్డర్‌లో ఆ కేటగిరీకి రాసిన గంటలు, మీ నెట్ మీటరింగ్ ఒప్పందంలో మిగులు యూనిట్ ధర, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని టైమర్ గంటలు సరిచేయండి. హీట్ పంప్ కొనేటప్పుడు ఎస్‌జీ రెడీ టెర్మినళ్లు ఉన్నాయేమో అడగండి. జర్మనీలో పుట్టిన పద్ధతి ఇది: రెండు స్విచ్ వైర్లు, నాలుగు ఆజ్ఞలు, ఆగు, మామూలుగా నడువు, వీలైతే ఎక్కువ కాచు, తప్పక నడువు. మీ టైమర్‌నో కంట్రోలర్‌నో నేరుగా దానికి కలపొచ్చు, యంత్రం కరెంటును మధ్యలో తెంచాల్సిన పని ఉండదు.

యంత్రం ఎక్కడ పెట్టాలో కూడా చూడండి. మేలో మిద్దె కాంక్రీటు మీద గాలి 45 దాటుతుంది, చాలా యంత్రాల హద్దు 43. ఉత్తరం వైపు నీడలో, రెండు వైపులా గాలి ఆడేలా పెట్టండి. అది వదిలే చల్లగాలి దాదాపు రెండు టన్నుల ఏసీకి సమానం, దాన్ని మెస్సులోకి డక్టు వేస్తే వంటవాళ్లకు హాయి. ఎండాకాలం వేన్నీళ్ల వాడకం తక్కువ కాబట్టి ఆ చల్లదనం రోజుకు గంటో రెండు గంటలో ఉంటుంది, ఏసీ మానేయొచ్చని మాత్రం అనుకోకండి.

వైరింగ్‌లో మూడు విషయాలకు రాజీ లేదు. ఒక ఫేజు పోతే యంత్రాన్ని ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్, బోరు స్టార్టర్లకు పెట్టేదే, ఇక్కడా పెట్టండి. కరెంటు పోయి వచ్చాక 5 నిమిషాల ఆలస్యం ఉండాలి. కరెంటు లీకైతే వెంటనే తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. సున్నం పట్టిన కాయిల్ పగిలితే ముందు చెప్పేది అదే. అది మాటిమాటికీ పడిపోతోందని బైపాస్ చేసే ఎలక్ట్రీషియన్‌ను ఆ రోజే ఆపండి. ఆ నీళ్లలో స్నానం చేసేది పిల్లలు. అనంతపురం ఎర్రనేల ఎండాకాలంలో పూర్తిగా ఆరిపోతుంది, ఎర్త్ పిట్‌లో వారానికోసారి నీళ్లు పోయించి, ఏప్రిల్‌లో రెసిస్టెన్స్ కొలిపించండి. కాయిల్‌కు, సర్క్యులేషన్ పంపుకు ఇంటర్‌లాక్ (ఒకటి నడుస్తుంటే రెండోది కలవని ఏర్పాటు) వేసి 5 నుంచి 8 మధ్య కాయిల్ కలవకుండా చేస్తే పొద్దుటి లోడు మళ్లీ ఎక్కదు.

పాత గీజర్లను వెంటనే పీకేయకండి. అంతస్తుకు ఒకటి చొప్పున ఉంచి మిగతావాటి ఎంసీబీలు దించేయండి. హీట్ పంప్‌కు విడిగా చిన్న మీటరు పెట్టి నెలకోసారి ఇలా చూడండి: 1,500 లీటర్లు 24 నుంచి 56కి వెళ్తే 55.8 యూనిట్ల వేడి, మీటరు 17.5 తిరిగితే సీఓపీ 3.2. అది 2.5కి దిగిందంటే ముందు గాలి ఫిల్టరు, తర్వాత నీటి ప్రవాహం, తర్వాత సున్నం, ఆఖరున గ్యాస్. ఈ వరుసలోనే చూడమని మెకానిక్‌కు చెప్పండి. సంక్రాంతి సెలవుల్లో హాస్టల్ ఖాళీ అయితే అంతా ఆపేయండి, పిల్లలు వచ్చే ముందురోజు ట్యాంకును 60కి తెచ్చి అన్ని కుళాయిలూ ఒక్కో నిమిషం వదలండి.